నలుపు తెలుపుల జపాను ఆట

మొన్న మా మనవరాలు నా పక్కన పడుకుని ఫోన్‌లో ఏదో ఆట ఆడుతూ ఆడుతూ, "బోర్ కొట్టింది అమ్మమ్మా" అని దాన్ని వేలితో నొక్కి తీసి పారేసింది. అన్నం తినమంటే వినకుండా ఇన్నాళ్లూ ఆడిన ఆట. "సగంల వదిలేస్తే ఎట్లనే?" అన్నాను. "వదిలేస్తే ఏమైతది?" అని నా వైపు వింతగా చూసింది. నేను దాని దుప్పటి సర్దాను. మా ఇంట్లోనూ ఒకరు ఇలాంటి ఆటనే సగంలో వదిలేశారు. ఆ సంగతి మొదలుపెడితే దానికి నిద్ర వస్తుంది, నాకు రాదు.

ఎనభైల ఆఖరు రోజులవి. వరంగల్ చౌరస్తా దగ్గర మా బాపుకు బట్టల దుకాణం ఉండేది, దాని వెనకే ఇల్లు. అన్న ఇంటర్ ఎలాగో గట్టెక్కి, ఓడల్లో పనికి బొంబాయి పోతానని పట్టుబట్టాడు. సముద్రం చూసినవాళ్లు మా ఇంటావంటా లేరు. ఎండాకాలం నల్లా నీళ్లు బిందె నిండా వస్తేనే సంబరపడే ఇల్లు మాది. ఆ ఇంట్లో పుట్టినవాడికి ఓడల పిచ్చి ఎలా పట్టిందో తెలియదు. బాపు దుకాణానికి వచ్చిన గిరాకీల ముందే, "నువ్వు ఓడలెక్కితే దుకాణం ఎవడు సూత్తడు, నీ తాత లేసొస్తడా?" అని గట్టిగా అరిచాడు. అన్న ముఖం మాడిపోయింది. ఆ రోజు నుంచి దుకాణం గడప తొక్కలేదు, బాపుతో ఒక్క మాట మాట్లాడలేదు. బాపూ తగ్గలేదు. ఇక మా ఇంట్లో మాట అంటూ వినిపిస్తే అది రేడియోదే. ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెట్టలేక అమ్మ సగమైపోయింది.

అప్పుడే మా చిన్నమామ జపాను పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ వాళ్లు ట్రైనింగుకని జపాను పంపితే, తన పిల్లల కోసం కొనుక్కొచ్చాడు. టీవీకి తగిలించి ఆడే ఆట. అందులో మాటలన్నీ జపాను రాతలే కావడంతో పిల్లలు దాన్ని మూలకు పడేశారు. మూలకు పడ్డ ప్రతి వస్తువూ చివరికి మా ఇంటికే చేరేది. అన్న వైర్లతో కుస్తీ పట్టి మొత్తానికి దాన్ని లేపాడు. కానీ మాది కలర్ టీవీ అయినా ఆ ఆట మాత్రం నలుపు తెలుపుల్లోనే వచ్చింది. జపాను టీవీల పద్ధతి వేరని మెకానిక్ చేతులెత్తేశాడు. కత్తి పట్టుకున్న ఒక బుడ్డోడు ఊరూరా తిరుగుతాడు, దారిలో దయ్యాలు అడ్డం వస్తాయి, వాటిని కొడితే డబ్బులు, బలం వస్తాయి. ఆ బలంతో ఇంకా దూరం పోవాలి. ఇంతే ఆట. ఎందుకు పోతున్నాడో, ఎవరి కోసం పోతున్నాడో మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అన్న దానికి అతుక్కుపోయాడు. బుడ్డోడు పోయే దారి చివర సముద్రం ఉందని మొదటి వారంలోనే కనిపెట్టాడు.

ఎండాకాలం మధ్యాహ్నం బాపు దుకాణం సగం షట్టర్ దించి, తిని పడుకోవడానికి ఇంట్లోకి వచ్చేవాడు. ఒకరోజు అలా పోతూ పోతూ టీవీ ముందు ఆగాడు. తెర మీద బుడ్డోడు ఒక దుకాణంలో కత్తి బేరం చేస్తున్నాడు. ఆ దుకాణం సేటు ధర అంకెల్లో చూపించాడు, అన్న సరే అనబోయాడు. బాపు ప్రాణం చివుక్కుమంది కాబోలు, ఉండబట్టలేక, "అరే, అడిగినంత ఇచ్చుడేనా? వద్దను. లేసి పోతున్నట్టు చెయ్, ఎనకకు పిలుస్తడు సూడు" అన్నాడు. నెలల తర్వాత ఆయన కొడుకుతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. అన్న తిరిగి చూడలేదు కానీ, వద్దు అని నొక్కి బుడ్డోణ్ణి గుమ్మం దాకా నడిపించాడు. సేటు పిలవలేదు. మళ్లీ లోపలికి పోతే అదే ధర. "పిలుస్తలేడు బాపు" అన్నాడు అన్న. "గట్టోడే" అని బాపు మంచం మీద కూలబడ్డాడు. వంటింటి గుమ్మంలో నేను నవ్వబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "సప్పుడు చెయ్యకు బిడ్డా, వాళ్లనట్ల మాట్లాడుకోనీ" అంది.

ఆ తర్వాత బాపు మధ్యాహ్నం నిద్ర మానేశాడు. కూలర్ ముందు మంచం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ప్రతి ఊళ్లో ప్రతి సేటు దగ్గరా బాపు బేరమాడించేవాడు, ఒక్కడూ పైసా తగ్గించలేదు. "వీళ్లకు యాపారం రాదురా" అనేవాడు. అన్న నవ్వేవాడు. నవ్వుతున్న అన్నను చూసి బాపు ఇంకోసారి అదే మాట అనేవాడు. అమ్మ మజ్జిగ గ్లాసులు పెట్టి అడుగుల చప్పుడు కాకుండా వచ్చేసేది.

వానలు పడే ముందు బుడ్డోడు సముద్రం చేరాడు. అన్న ఆ రోజు స్నానం చేసి వచ్చి మరీ కూర్చున్నాడు. పడవ కదిలింది, అవతలి ఒడ్డు వచ్చింది. దిగి నాలుగడుగులు వేశాడో లేదో, ఇవతల కొట్టిన దయ్యమే ఎదురొచ్చింది. దాని తర్వాత ఇంకో పాతదే. ఊరు వచ్చింది, అవే ఇళ్లు, అదే గుమ్మం, అదే సేటు. అన్న మూడు మధ్యాహ్నాలు ఓపిక పట్టాడు. నాలుగో రోజు చేతిలోని బటన్ల డబ్బా కింద పెట్టేసి, "దీంట్ల ఏం లేదు బాపు. ఎంత దూరం పోయినా గవే ఇండ్లు, గవే దయ్యాలు" అన్నాడు.

"గా గుట్ట అవుతల ఏమన్న ఉంటదేమోరా. జర సూద్దాం" అన్నాడు బాపు.

"ఏముండది."

"ఉంటది. జర కూసో బిడ్డా."

ఊరు దాటనివ్వనన్న మనిషి, గుట్ట దాటి చూద్దామని బతిమాలుతున్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. నాకు ఏడుపొచ్చింది. అన్న మాత్రం వైరు పీకి చుట్ట చుడుతూ, "బొంబాయి సుత గంతే ఉంటది. రేపటి సంది దుకాణంల కూసుంట" అన్నాడు. ఇన్నాళ్లూ బాపు కోరుకున్నది అదే. కానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. లేచి షట్టర్ ఎత్తడానికి పోయాడు.

తర్వాతెప్పుడో చిన్నమామ వచ్చినప్పుడు ఆట సంగతి ఎత్తితే, ఆయన ఆశ్చర్యపోయాడు. జపానులో వాళ్లు ఆడుతుంటే ఆయన దాన్ని రంగుల్లో చూశాడట. సముద్రం అవతలి దయ్యాలు వేరేవట. బొమ్మ అదే అయినా ఒకటి ఎర్రది, ఒకటి నీలిది, ఊళ్లు కూడా వేరే రంగులట. మా టీవీలో రంగులు రాలేదు, పేర్లు మేం చదవలేం. ఈ మాట నేను అన్నకు చెప్పలేదు. అప్పటికే దుకాణంలో గద్దె మీద కూర్చుని మీటర్ కర్రతో బట్ట కొలుస్తున్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా ఇద్దరూ ఆ గద్దె మీదే పక్కపక్కన కూర్చున్నారు. పోట్లాడుకోలేదు. ఏ బట్ట తాను ఎక్కడుంది, ఏ గిరాకీ మళ్లీ వస్తానన్నాడు, ఇంతకు మించి మాట్లాడుకోనూ లేదు. బాపు పోయాక అన్న ఒక్కడే కూర్చుంటున్నాడు. అన్నేళ్ల కాలంలో వాళ్లిద్దరూ తండ్రీకొడుకుల్లా బతికింది ఎంత అని వెతుక్కుంటే, నాకు ఆ ఒక్క ఎండాకాలపు మధ్యాహ్నాలే దొరుకుతాయి.