చైనా టీ, కావా కప్పులు, ఆగని నా చెయ్యి

ఆ రోజుల్లో అని మొదలుపెడితే అందరూ నిక్కర్లు వేసుకున్న నాటి సంగతులు చెబుతారు. నా కుర్రతనం మాత్రం నలభై దాటాక, మస్కట్‌లో, ఘాలా అనే పేటలో గ్యారేజీల మధ్య వచ్చింది. అంతకుముందు తిక్కపనులు చేసే తీరిక లేదు. అక్షరాలు కూడా అక్కడే వచ్చాయి. అక్కడ సెలవు శుక్రవారం, చర్చి కూడా ఆ రోజే; ప్రార్థన అయ్యాక మా చర్చికొచ్చే నర్సమ్మ దిద్దించింది. (ఇందులో తప్పులుంటే ఆవిణ్ణి అడగండి.) వాట్సాప్ అందరి ఫోన్లలోకీ కొత్తగా దూరుతున్న ఆ ఏళ్ళలో నేను సైట్‌లో టైల్స్ మోసే హెల్పర్ని. అక్కడి ఎండ నెత్తిమీద నుంచే కాదు, చెప్పుల్లోంచి కూడా వస్తుంది. అలాంటి ఎండాకాలంలో ఆఫీసు ప్యాంట్రీలో టీ పెట్టే మనిషి కాలు విరిగి ఊరెళ్ళిపోయాడు. మా మేనేజరు పెద్దసారు, విజయవాడ ఆయన, నన్ను పిలిచి గుండ్రటి కాగితం పొట్లం చేతిలో పెట్టాడు.

"మెషిన్లు అమ్మే చైనా ఆయన రేపొస్తాడు. ఇది ఆయన పంపిన టీ. మర్యాదలో లోటు రాకూడదు. బాగా చూసుకున్నావా, ప్యాంట్రీ నీదే. తేడా వచ్చిందా, మళ్ళీ టైల్సే."

ప్యాంట్రీ అంటే ఏసీ. ఇంకేం చెప్పాలి?

రూమ్‌కి తీసుకెళ్ళి విప్పితే లోపల నల్లగా, గట్టిగా అదిమిన బిళ్ళ. మా తుని బావ (చుట్టరికం లేదు, పక్క మంచం) వాసన చూసి మొహం తిప్పేశాడు.

"ఇది టీ ఏంటి బావా? వానకి తడిసిన పిడక."

"పులియబెట్టిన టీ అంట. ఎన్నేళ్ళు నిలవుంటే అంత గొప్పంట."

"మనం ఈ రూమ్‌లో ఎన్నేళ్ళుగా పులుస్తున్నాం? ఎవడన్నా గొప్పోళ్ళన్నాడా? పాలు పోసి అల్లం కొట్టి పడెయ్. వాసన చస్తుంది."

నా అదృష్టం బాగుండి, మర్నాడు చైనా ఆయన చిన్న మట్టికూజా వెంట తెచ్చుకుని తనే చేసి చూపించాడు. మీకెప్పుడైనా అలాంటి బిళ్ళ దొరికితే పనికొస్తుంది, వినండి. చాకు మొనతో అంచు నుంచి పొరలు పొరలుగా ఊడదియ్యాలి, రోట్లో దంచకూడదు. కూజాలో వేసి సలసల మరిగే నీళ్ళు పోసి, వెంటనే ఆ నీళ్ళు పారబొయ్యాలి. అది ఆకుకి స్నానం. (నచ్చక పారబోస్తున్నాడనుకుని పెద్దసారు నావైపు చూసిన చూపు ఇంకా నా వీపు మీదే ఉంది.) రెండోసారి పోసినవి తాగే నీళ్ళు, అవి కూడా కాసేపే ఉంచి వంచెయ్యాలి. పాలు, పంచదార ఊసెత్తకండి. తాగితే ముందు తొలకరి మట్టి వాసన, గొంతు దిగాక కొంచెం తీపి. అదే ఆకు ఎన్ని నీళ్ళు పోసినా రంగు ఇస్తూనే ఉంటుంది. ఇదంతా చూపించి ఆయన కూజా నా ముందుకు జరిపాడు. ఇక నువ్వు పొయ్యి అని.

చిన్న కప్పులు కావాలంటే నేను ఒమానీ కాఫీకి వాడే పిడిలేని కావా కప్పులు పెట్టాను. వాటికో పద్ధతుంది. మా కంపెనీ యజమాని అర్బాబు ఇంట్లో చూసి నేర్చుకున్నాను: తాగేవాడు ఖాళీ కప్పు అటూ ఇటూ ఆడిస్తే చాలని అర్థం, అందాకా పోస్తూనే ఉండాలి, ముందే ఆపితే అతిథికి అవమానం. చైనా ఆయన కప్పు ఆడించలేదు. నేను పోసినప్పుడల్లా రెండు వేళ్ళు మడిచి బల్లమీద టకటకా కొట్టాడు. (వాళ్ళలో అది కృతజ్ఞత అని తర్వాత తెలిసింది.) త్వరగా పొయ్యమంటున్నాడని నేను వేగం పెంచాను. పోసింది వదిలేస్తే మర్యాద కాదని ఆయన తాగాడు. అతిథి తాగుతుంటే తాను మానకూడదని పెద్దసారూ తాగాడు.

కాసేపటికి పెద్దసారు, "చాలయ్యా" అన్నాడు.

మా కోనసీమ పంక్తిలో చాలు అన్నవాడికి ఇంకో గరిటె వెయ్యకపోతే వాడు ఆ మాట ఊరంతా చెప్పుకుంటాడు. పోశాను.

"చాలంటున్నానా!"

"మొహమాటపడకండి సార్."

అతిథి కాలరు గుండీ విప్పాడు. పెద్దసారు కాలుమీద కాలు వేసి గట్టిగా బిగించాడు. ఒకరి వంక ఒకరు దీనంగా చూసుకుంటూ, నవ్వుతూ, తాగుతున్నారు. ఆకు ఇంకా రంగు ఇస్తూనే ఉంది. నేను సంబరంగా మళ్ళీ కెటిల్ పెట్టాను.

అంతలో అర్బాబు వచ్చాడు. "క్యా హోరహా హై?" అంటూ కూర్చుని, ఓ కప్పు తాగి, దాన్ని వేళ్ళ మధ్య ఆడించి, "బస్" అన్నాడు. నేను టక్కున ఆగి పక్కకి తప్పుకున్నాను. అది చూసిన చైనా ఆయన కళ్ళల్లో జైలు తలుపు తెరుచుకున్నంత వెలుగు! తన కప్పు గబగబా ఆడించాడు. పెద్దసారు రెండు చేతులతో ఆడించి, కప్పు అక్కడే వదిలి, బాత్‌రూమ్ వైపు పరుగు తీశాడు.

తిరిగొచ్చాక నా ఎదురుగా నిలబడ్డాడు. టైల్సే అనుకున్నాను.

"నిన్ను సైట్‌కి పంపనయ్యా," అన్నాడు నీరసంగా. "పంపితే అక్కడి వాటర్ ట్యాంకరు కూడా ఎవడి చేతో తాగించేస్తావు. ఇక్కడే పడుండు, నా కళ్ళముందు."

అలా గెలుచుకున్న ప్యాంట్రీలో మర్నాడు పది గంటలకల్లా నా పళ్ళు టకటకలాడాయి. ఏసీ తగ్గించమని అడగాలంటే సిగ్గు. ఏ మొహంతో అడుగుతాను? మధ్యాహ్నం ఎవరూ చూడకుండా వెనక తలుపు తీసుకుని, నిప్పులు చెరిగే ఎండలోకి వెళ్ళి, కాసేపు హాయిగా కళ్ళు మూసుకు నిలబడ్డాను. ఆ గోడ పక్కన ఎండ కాగుతున్న ఆ నలభై దాటిన కుర్రాడు ఇప్పటికీ నా కళ్ళకి కనిపిస్తాడు. లోపలికి రారా వెర్రివాడా అని పిలవబోయి, నవ్వొచ్చి ఊరుకుంటాను.