లంక ఊళ్లో టీకాల ఫ్రిజ్ చూడ్డానికి వెళ్లాను

ప్రభుత్వ భవనాల మీద పెట్టిన సోలార్ ప్యానెళ్లు నిజంగా పనిచేస్తున్నాయో లేదో బయటివాళ్లు వెళ్లి చూడాలని మా గోదావరి జిల్లాల్లో ఈ ఏడాది నిర్ణయించారు. రాజమండ్రి ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే నాకు ఆత్రేయపురం అవతల గోదావరి మధ్యనున్న ఒక లంక గ్రామం వచ్చింది. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో పిల్లల టీకాల ఫ్రిజ్ సోలార్ మీద నడుస్తుంది. జిల్లా ఆఫీసు కంప్యూటర్లో దాని పక్కన పనిచేస్తోందని పచ్చగుర్తే ఉంది. కాబట్టి గంట పని చూసుకుని, వచ్చేటప్పుడు పూతరేకులు కొనుక్కోవచ్చనుకుని జూన్ మొదటి శనివారం బయలుదేరాను.

ఏడింటికి రాజమండ్రి కాంప్లెక్స్‌లో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ ఉచితం. ధవళేశ్వరం బ్యారేజీ మీద గోదావరిని చూసుకుంటూ వెళితే గంట పైచిలుకు ప్రయాణం తెలియనే తెలియదు. ఆత్రేయపురంలో దిగి షేర్ ఆటోలో రేవుకి ముప్పై, పడవకి ఇరవై ఇచ్చాను. పడవ నడిపే నూకరాజు గారు నేను వచ్చిన పని విని కాస్త ఆశ్చర్యపోయారు. ఇంతకుముందే సిస్టరు గారిని ఐస్ పెట్టెతో దింపి వచ్చానని చెప్పారు. ఫ్రిజ్ ఉంటే ఐస్ పెట్టె ఎందుకని అప్పుడే అనుమానం వచ్చింది.

ఉపకేంద్రంలో సిస్టరు మంగతాయారు గారు ఫ్రిజ్ తలుపు తీసి చూపించారు. లోపల టీకాలు లేవు, రిజిస్టర్లున్నాయి. చెదలు పట్టవని అందులో పెట్టుకున్నారట. ఉగాది నుంచి అది నడవడం లేదు. మూడుసార్లు ఫిర్యాదు చేశారు. మూడుసార్లూ సమస్య తీరిందని ఫోనుకి మెసేజ్ వచ్చింది, మనిషి మాత్రం రాలేదు.

డాబా ఎక్కి మీటరు పెట్టి చూశాను. ప్యానెళ్లలో కరెంటు బాగానే వస్తోంది, దాన్ని ఫ్రిజ్‌కి అందించే కంట్రోలర్ చచ్చిపోయింది. చిక్కేమిటంటే, నా ఫారంలో ఉన్న ప్రశ్న ప్యానెళ్లు పనిచేస్తున్నాయా అని మాత్రమే. వాటిని బిగించిన కాంట్రాక్టరు మనిషికి ఫోన్ చేస్తే, అవునని రాసేయమని, వారంలో కంట్రోలర్ మారుస్తామని మర్యాదగానే చెప్పాడు. అలా రాస్తే అబద్ధం కూడా కాదు. పెన్ను పట్టుకుని ఆగిపోయాను.

మంగతాయారు గారు నన్నే చూస్తున్నారు. "మేడం గారూ, ప్యానెళ్లని చూసి కాదండి, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసి రాయండి. ఇంకో నెలకి గోదారొస్తది, పడవలు ఆగిపోతాయి. అప్పుడు పిల్లలకి సూదెయ్యాలంటే మాకిదే దిక్కండి."

చెయ్యి పెట్టాను. లోపల బయటికంటే వేడిగా ఉంది. పనిచేయడం లేదని రాసి, కారణం కింద చేత్తో వివరంగా రాశాను. తర్వాత నన్ను పంపిన జిల్లా అధికారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, ఫోన్ సిస్టరు గారికి ఇమ్మన్నారు. ఇన్నాళ్లలో ఆఫీసు నుంచి ఆవిడని అడిగిన మొదటి మనిషి ఆయనే. పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇకమీదట ఇక్కడి ఫిర్యాదు ఏదైనా సిస్టరు గారు సంతకం పెడితేనే మూసేస్తామని ఆయన మాటిచ్చారు.

మధ్యాహ్నం నూకరాజు గారింట్లో చేపల పులుసుతో భోజనం. డబ్బు ఇవ్వబోతే వాళ్లావిడ ఒప్పుకోలేదు. "మా మనవడి సూది కోసం వచ్చారు, ఇంకో ముద్ద తినండి," అంది.

గురువారం మంగతాయారు గారు ఫోన్ చేశారు. కొత్త కంట్రోలర్ పెట్టారట, ఫ్రిజ్ నాలుగు డిగ్రీలు చూపిస్తోందట. సంతకం పెట్టేశారా అని అడిగాను. "అప్పుడేనా అండి? రెండ్రోజులు చల్లగా ఉండనివ్వండి, అప్పుడు పెడతానన్నాను. కంట్రోలర్ బిగించిన అబ్బాయి సంతకం కోసం ఇక్కడే కూర్చున్నాడు," అన్నారు.

ఆ రోజంతా నాకు మనసు హాయిగా ఉంది. ఒక పథకం ఎలా నడుస్తోందో తెలియాలంటే దాన్ని రోజూ వాడే మనిషిని అడగాలని ఇన్నేళ్లూ నా విద్యార్థులకి నేను చెప్పలేదు. ఇప్పుడు మొదటి క్లాసులోనే చెబుతున్నాను. మీరూ ఏదైనా లంకకి వెళ్లదలిస్తే జూలైలోపే వెళ్లండి, సాయంత్రం ఆఖరి పడవ ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.