బావ తెచ్చిన ఈకల కోటు

మా బావని ఓడలో అందరూ కోట్లాయన అంటారు. ఆ సంగతి మా వీధిలో ఎలా తెలిసిందో గానీ, "మీ బావకేం తక్కువమ్మా, కోట్లున్న మనిషి" అని నన్ను ఏడిపించేవాళ్ళు. ఉన్నాయి, నిజమే. గది నిండా కోట్లే. ఒక్కటీ ఆయనది కాదు.

పెద్ద విహారనౌక అది. ఎండలు మండే రేవులో బయలుదేరి, వానల సముద్రాలు దాటి, మంచుగడ్డలు తేలే చోటిదాకా పోయి, మళ్ళీ ఎండల్లోంచే తిరిగొస్తుంది. నెలల తరబడి ప్రయాణం. ఎక్కేవాళ్ళు మంచు చూడబోతున్నామన్న సంబరంలో ఎలుగుబంట్లలాంటి కోట్లు తెచ్చుకుంటారు. తీరా గదిలో చూస్తే బీరువా జానెడు. కోటు పెడితే చొక్కాలు పట్టవు, చొక్కాలు పెడితే కోటు పట్టదు. తొలిరోజే మొగుడూ పెళ్ళాలు ఆ బీరువా ముందు నిలబడి పోట్లాడుకుంటారట. అప్పుడు తలుపు తట్టేది మా బావ.

"చలికి కావలసింది ఒక్క లావు కోటు కాదండీ, పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి" అని ప్రతి గదిలోనూ అదే పాఠం. ఉన్నివి చుట్టచుట్టి మంచం కింద పెట్టిస్తాడు. బూట్లలో మేజోళ్ళు కూరిస్తాడు. మిగిలిన కోట్లకి గది నంబర్లు కట్టి, కింది అంతస్తులో ఉన్న కోట్ల గదికి మోసుకుపోతాడు. ఆ గదికి కిటికీ లేదు. చెమ్మ పట్టకుండా ఒక మిషను ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. చలి మొదలయ్యే ముందు వాటన్నిటినీ మళ్ళీ ఎవరివి వాళ్ళకి చేరుస్తాడు. అందరూ వెచ్చగా కోట్లు తొడుక్కుని పైన మంచు చూసి కేరింతలు కొడుతుంటే, ఈయన కింద ఖాళీ హేంగర్లు సర్దుకుంటూ ఉంటాడు.

కోటు ఇవ్వనని మొండికేసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకోసం మందపాటి ప్లాస్టిక్ సంచులున్నాయి. కోటు అందులో పెట్టి మిషనుతో గాలి లాగేస్తే, పరుపంత కోటు పుస్తకమంత అయిపోతుంది. కానీ లోపల ఈకలు కూరిన కోటుకి మాత్రం ఆ సంచి వద్దంటాడు బావ. "వెచ్చదనం ఈకల్లో ఉండదు మరదలా, ఈకల మధ్య గాలిలో ఉంటుంది. నాలుగు రోజులైతే ఫరవాలేదు. నెలలు నొక్కిపెట్టామా, ఈక చచ్చిపోతుంది."

"బాతు ఎప్పుడో చచ్చింది కదా బావా, దాని ఈక మళ్ళీ చావడమేంటి?" అన్నాను ఒకసారి. ముఖం మాడ్చుకున్నాడు. కోట్ల విషయంలో ఆయన దగ్గర వేళాకోళం కుదరదు.

సెలవుకి ఇంటికొస్తే మా బీరువాలకి జ్వరమే. కుర్చీ మీద తువ్వాలు కనిపించకూడదు, మేకుకి రెండు చొక్కాలు వేలాడకూడదు. నేను అక్కా బావల ఇంట్లోనే ఉంటాను. నా పెళ్ళి నాకు అచ్చిరాలేదు. మందుల షాపులో కౌంటరు దగ్గర ఉద్యోగం, అక్క వంట, ఇద్దరం కలిసి బావ మీద చెప్పుకునే జోకులు. మా బతుకు అలా సాగిపోయింది.

మా అక్కకి వేడి గిట్టదు. వేసవిలో తడిగుడ్డ మెడకి చుట్టుకుని వట్టి గచ్చు మీద పడుకునే మనిషి. ఒకసారి బావ ఓడ నుంచి చిన్న ఈకల దిండు ఒకటి సంచిలో నొక్కి తెచ్చాడు. కత్తెరతో సంచి కోయగానే అది గుటక వేసినట్టు గాలి పీల్చుకుని, మా కళ్ళముందే పొంగింది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తర్వాత ఆ దిండు ముట్టుకుంటే ఒట్టు. "మీ కోట్లూ మీ దిండ్లూ మీ దగ్గరే ఉంచుకోండి, నన్ను ఉడకేసి చంపకండి" అనేది.

అలాంటి మనిషికి చలి పట్టుకుంది.

బావ ఓడెక్కాక జబ్బు బయటపడింది. రక్తంలో జబ్బు. దాని పేరు నేను రోజూ మందుల చీటీల మీద చదివేదే. ఇంట్లో మాత్రం ఎప్పుడూ పలకలేదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, లోపల మా అక్క పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎముకల్లోంచి వస్తోందే అనేది. దుప్పటి మీద దుప్పటి కప్పాను. కాసేపటికే "బరువుగా ఉందే, ఊపిరాడట్లేదు, తీసెయ్" అనేది. తీస్తే వణుకు. కప్పితే ఆయాసం. నా తలప్రాణం తోకకొచ్చింది.

ఫోన్లో ఇదంతా బావకి చెప్పాను. దుప్పట్లు ఎన్ని కప్పావు, ఎంత బరువని అడిగాడు. తర్వాత "దానికి బరువు లేని వేడి కావాలి" అన్నాడు. అదేదో మందు పేరు చెప్పినట్టు చెప్పాడు.

ఓడ మంచు దాటి వెనక్కి తిరిగాక జనం తమ కోట్లని చూసి విసుక్కుంటారు. ముందున్నవన్నీ ఎండలే, ఇక వీటిని మోసేదెవరు? అలా ఒక పెద్దావిడ, "దీన్ని నువ్వే ఉంచుకో నాయనా, నా పెట్టెలో సగం ఇదే తినేస్తోంది" అని తన ఈకల కోటు బావ చేతిలో పెట్టింది. మోకాళ్ళ దాకా వచ్చే నీలం కోటు. "చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే లేదు మరదలా! మీ అక్కకి సరిగ్గా సరిపోతుంది" అన్నాడు ఫోన్లో. జబ్బు సంగతి తెలిశాక ఆయన గొంతులో సంతోషం వినడం అదే మొదలు.

"అయితే దిగి వచ్చెయ్ బావా."

"మధ్యలో దిగితే మళ్ళీ ఎక్కించుకోరు. మందులకి డబ్బులెలా మరి?"

"పోనీ, వచ్చే రేవులో పోస్టు చెయ్యి."

"ఎక్కడో పారేస్తారు. వద్దు. నా చేత్తో నేనే తొడుగుతాను."

నాకు ఒళ్ళు మండింది. నీ చేత్తో తొడక్కపోతే ఏం మునిగిపోయిందని అరిచి ఫోన్ పెట్టేశాను. అక్క విననే విన్నది. ఆ రోజు నుంచీ పొద్దున లేవగానే "కోటు ఎంతదాకా వచ్చిందే?" అని అడగడం మొదలుపెట్టింది. నేను బావ చెప్పిన రేవు పేరు చెప్పేదాన్ని. ఇంకా అక్కడే ఉందా అని కళ్ళు మూసుకునేది. రోజురోజుకీ ఆ మంచంలో అక్క తక్కువైపోతోంది, పక్క ఎక్కువైపోతోంది. ఆవిడ కోటు అందుకుంటుందా లేదా అన్నదే నా దిగులంతా.

అందుకుంది. బావ వచ్చిన రోజు బూట్లు కూడా విప్పలేదు. అక్కని చూసి గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయాడు. తేరుకుని, పక్కన కూర్చుని, పెట్టెలోంచి సంచి తీశాడు. పలకలా ఉంది. "చూస్తూ ఉండు" అన్నాడు. అక్క చూస్తోంది, ఆ దిండుని చూసినప్పటిలాగే.

కత్తెర పడింది. సంచిలోకి గాలి బుస్సుమని దూరింది. ప్లాస్టిక్ వదులైంది. కోటు మాత్రం అలాగే పడి ఉంది, ఇస్త్రీ చేసిన చొక్కాలా.

బావ దాన్ని దులిపాడు. మళ్ళీ దులిపాడు. "లేస్తుంది, కొంచెం టైము పడుతుంది" అన్నాడు. అది ఎవరికి చెప్పాడో తెలియదు.

"ముందు తొడగండి" అంది అక్క. తొడిగాడు. గుండీలు పెట్టాడు. ఎలా ఉందని అడిగాడు.

"వెచ్చగా ఉందండి. ఒళ్ళంతా హాయిగా ఉంది."

ఆవిడ ఒక చెయ్యి నా చేతిలో ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. రెండో చెయ్యి బావ పట్టుకుని ఉన్నాడు. ఆయనకీ తెలిసింది. ముగ్గురం ఏమీ ఎరగనట్టు నవ్వాం.

వంటింట్లో నిలదీశాను. "నెలలు నొక్కితే ఈక చచ్చిపోతుందని నువ్వేగా బావా పాఠాలు చెప్పేది? ఎన్నాళ్ళుంచావు అందులో?"

బావ స్టవ్ వైపు చూస్తూ చెప్పాడు. సిబ్బంది గదిలో నలుగురు మనుషులు. చొక్కా పెడితే నిండిపోయే లాకరు. తనిఖీకి వచ్చినప్పుడు బయట ఏది కనబడినా తీసుకెళ్ళి పారేస్తారు. కోట్ల గదిలో పనివాళ్ళ వస్తువులు పెట్టకూడదు. "కొన్నాళ్ళే కదా, చోటు దొరకగానే విప్పుదామనుకున్నాను. దొరకలేదు. పరుపు కింద పెట్టుకుని దానిమీదే పడుకున్నాను. వీపుకి తగులుతూ ఉండేది. తనకోసం తీసుకెళ్తున్నానని అనుకుంటే నిద్రపట్టేది."

ఊరందరి కోట్లూ విప్పి ఆరవేసినవాడు, పెళ్ళాం కోటు తన ఒంటి బరువుతోనే చదును చేసుకుని తెచ్చాడు. తిట్టడానికి నాలుక చివర బోలెడు మాటలున్నాయి. ఆయన ముఖం చూసి మింగేశాను.

ఆ మర్నాటి నుంచి బావ కాపురం బాల్కనీలోనే. ఓడలో అయితే ఈకలు విచ్చుకునేలా రబ్బరు బంతులు వేసి తిప్పే పెద్ద మిషనుంది. ఇక్కడ ఏముంది? కెటిల్ ఆవిరి పట్టిస్తాడు, అరచేతులతో తట్టి తట్టి చూస్తాడు, ఎండలో తిరగేస్తాడు. గుడ్డ పైనుంచే వేళ్ళతో తడిమి, ఉండకట్టిన ఈకల్ని ఒక్కొక్క ఉండా విడదీస్తాడు. వీధి చివర లాండ్రీలో ఆరబెట్టే మిషనుంది, అక్కడిద్దామన్నాను. వాడు వేడి ఎక్కువ పెట్టి ఉన్నది కూడా మాడ్చేస్తాడని ఇవ్వలేదు. ఎదురింటివాళ్ళు మేడ మీద నుంచి చూసి, ఇంత ఎండలో ఆ కోటేంటని నవ్వుకున్నారు. నవ్వనీ.

"అంతసేపూ అక్కడేం చేస్తున్నారే?" అని అడిగేది అక్క.

"నీ కోటుకి ప్రాణం పోస్తున్నాడు."

"దాన్ని అక్కడ పడేసి వచ్చి కూర్చోమను."

వెళ్ళి చెప్పాను. కోటుకి ఈ చెయ్యి ఒక్కటి లేస్తే వస్తానన్నాడు. మళ్ళీ పిలిచింది, మళ్ళీ వెళ్ళాను. ఇంకొంచెం అన్నాడు. మూడోసారి నేను ఒంటికాలి మీద లేచాను.

"బావా! దానికి కోటు అక్కర్లేదు. నువ్వు కావాలి. ఇన్నాళ్ళూ కోటు ఎంతదాకా వచ్చిందని అడిగింది నీకోసమే. నీకు అర్థం కావట్లేదా?"

బావ చేతులు ఆగాయి. "అర్థమైంది. ఉత్త చేతులతో దాని ఎదురుగా కూర్చోలేను మరదలా. ఏం చెప్పను? చలేస్తోందా అని అడగనా?"

నా కోపమంతా ఎటు పోయిందో. లోపలికొచ్చి, వస్తున్నాడట అని చెప్పాను. "రానీలే, ఆయన తత్వమే అంత" అంది అక్క. కళ్ళు మూసుకునే నవ్వింది. నా చెయ్యి తీసుకుని తన చెంప కింద పెట్టుకుంది. అదే ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట.

మధ్యాహ్నం బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "లేచింది! చూడు, ఒక చెయ్యి లేచింది!" నిజమే, నీలం కోటుకి ఎడమ చెయ్యి ఉబ్బింది. మిగతాదంతా చదునుగానే ఉంది. నేను అక్క చెంప కింద నుంచి నా చెయ్యి తియ్యలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. బావ మెల్లగా వచ్చి, ఆ ఒక్క చేతినీ అక్క గుండెల మీద కప్పి, గుడ్డ పైన అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు. పిలిచినప్పుడు వచ్చి కూర్చుని ఉంటే బాగుండేది కదా అని నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

సెలవు అయిపోగానే వెళ్ళిపోయాడు. ఉండమంటే, ఈ గోడలు చూస్తూ ఏం చెయ్యనన్నాడు. కోటుని మళ్ళీ బాల్కనీలో తీగ మీద తనే వేలాడదీశాడు. దాన్ని తియ్యడానికి నాకూ మనసొప్పలేదు. పైన రేకు ఉంది కాబట్టి తడవదు. ఎండ కాసింది, గాలి వీచింది. నేను షాపుకి పోవడం, రావడం, అటువైపు చూడకుండా తలుపు వేసుకోవడం.

ఒకరోజు బట్టలు ఆరవేద్దామని తలుపు తీశాను. కోటు నిండుగా ఉంది. రెండు చేతులూ, భుజాలూ, వీపూ అంతా పొంగి, లోపల ఎవరో నిలబడి ఉన్నట్టుంది. దగ్గరికి పోయి కోటు చేతిలోకి నా చెయ్యి దూర్చాను. మోచేతి దాకా మెత్తగా, బరువన్నదే లేకుండా చుట్టుకుంది. అక్కడే నిలబడిపోయాను.

అప్పుడే ఫోను మోగింది. ఓడ నుంచి బావ. తిన్నావా, ఉన్నావా అని నాలుగు మాటలయ్యాక ఆగాడు. ఎందుకు చేశాడో నాకు తెలుసు.

"మరదలా, ఆ కోటు... లేచిందా?"

లేచిందని చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంకాస్త ముందు విప్పి ఉంటే అనుకుంటాడు. ప్రతి రాత్రీ ఆ పరుపు మీద పడుకుని అదే అనుకుంటాడు.

"లేవలేదు బావా" అన్నాను. "లోపల అస్తరు కింద పాత మరక ఉంది. ఎప్పుడో తడిసిన కోటు అది. ఆ పెద్దావిడ పాడైపోయిందే నీకు అంటగట్టింది. నువ్వు నొక్కినా నొక్కకపోయినా అది లేచేది కాదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"అంతేనంటావా?"

"అంతే. పారేస్తున్నాను."

సరేలే అన్నాడు. జాగ్రత్త అని పెట్టేశాడు. నా చెయ్యి ఇంకా కోటు చేతిలోనే ఉంది. చెమట పట్టింది.