జీపుకు ఎడ్లబండి కందెన

నిక్షేపంలాంటి జీపును ఒక్క రాత్రిలో వెనక్కి నడిచే గేదెగా మార్చడం ఎలాగో తెలియాలంటే నన్నే అడగాలి. మియాపూర్ మొత్తంలో ఆ విద్య వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాకు చదువు రాదు. సంతకం పెడతాను గానీ చివరి అక్షరం దగ్గర పెన్ను మొరాయిస్తుంది. అందుకే నోటితో చెబుతున్నాను, రాసుకో పిల్లా. నవ్వొస్తే నవ్వు, ముక్క మాత్రం వదలకు.

డెబ్బైల మొదట్లో మాట. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ మాదాపూర్ వైపు అప్పుడు బండరాళ్లు, సీతాఫలం చెట్లు, నక్కలు ఉండేవి. మా ఆయన పోతూ పోతూ నాకు రెండు వదిలి వెళ్లాడు. ఒకటి మిలిటరీవాళ్లు వద్దనుకుంటే వేలంలో కొన్న పాత జీపు, రెండోది మరిది పెంటయ్య. రెండూ మొండివే. జీపు కనీసం హ్యాండిల్ వేసి తిప్పితే కదిలేది.

ఊరి పాల క్యాన్లన్నీ ఆ జీపులో వేసుకుని, తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్‌లో పట్నం రైలుకు అందించడం మా ఆయన పని. పక్కన కూర్చుని చూసి చూసి నేనూ నడపడం నేర్చుకున్నాను. ఆయన పోయాక స్టీరింగ్ నేనే పట్టాను. ఊరు నోరు తెరిచింది. ఈగలు దూరి అదే మూసుకుంది.

అంతా బాగానే ఉంది, గేర్లు తప్ప. ఆ చలికాలంలో ఒకటో గేరు నుంచి రెండోదానికి మార్చాలంటే, పెట్టెలో ఎవరో కూర్చుని కంకరరాళ్లు నమిలినట్టు చప్పుడు. వారంలో రెండుసార్లు రైలు తప్పింది. పాలు విరిగాయి. రెండోసారి తప్పిన రోజే పెంటయ్య పాలవాళ్లందరినీ పోగుచేశాడు.

"చూసిన్రా? ఆడామె చేతికి బండి ఇస్తే గిట్లనే ఉంటది. రేపట్నుంచి పాలు నా ఎడ్లబండిల పోతయి. ఆ ఇనుప డొక్కును తుక్కోనికి అమ్ముదాం."

"నీ ఎడ్లు స్టేషన్ చేరేసరికి పాలు పెరుగైతయి, పెరుగు సల్లయితది, నువ్వు ఎన్నముద్ద చేతుల పట్టుకొని ఇంటికొస్తవు" అన్నాను.

అందరూ నవ్వారు గానీ నా కడుపులో మాత్రం నవ్వు లేదు. జీపు పోతే నా బతుకు పెంటయ్య వంటింట్లో, తోడికోడలి గిన్నెల ముందు. ఆవిడ గిన్నెలు నాకు తెలుసు. ఒక్కటి కూడా అడుగంటకుండా ఉండదు.

మల్లయ్య తాత చెయ్యెత్తాడు. ఊళ్లో ఏ బర్రె ఈనినా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆయన మాటంటే మాటే.

"జర ఆగున్రి. ఎల్లుండి పొద్దుగాల సగం క్యాన్లు జీపుల, సగం ఎడ్లబండిల. రైలు రాకముందు యాదమ్మ అందించిందా, జీపు ఆమెదే. అందలేదా, ఇగ అమ్ముడే. నేను జీపులనే కూసోని వస్త."

మర్నాడే జీపును లింగంపల్లిలో ఖాదర్ భాయ్ షెడ్డుకు పట్టుకెళ్లాను. మా ఆయన పాత దోస్తు. జీపు కింద దూరి బయటికొచ్చాడు.

"అక్కా, గేరుబాక్సుల నూనె పానీ లెక్క అయింది. మొత్తం తీసెయ్యాలె. ఇగో ఈ డబ్బా. గేర్ల నూనె, తొంభై నంబరు. బండి కొంచెం తిప్పి, వేడి మీద పాతది కిందికెళ్లి వదిలెయ్. పక్కన బిరడా తీసి పొయ్యి. ఆ బొక్కకెళ్లి చుక్క కారంగనే బంద్ చెయ్. నా చేతిల లారీ ఉన్నది, లేకుంటే నేనే చేస్తుంటి."

"గింతేనా? మా ఇంటాయన చేస్తుంటే పానాలు అందించినదాన్నే నేను. ఫికర్ చేయకు."

ఇక్కడిదాకా నా తెలివికి వంక లేదు. ఇంటికొచ్చి పాత నూనె వేడివేడిగా దించేశాను. కొత్త డబ్బా మూత తీశాను. మా ఆయన ఉన్నప్పుడు పానాలు అందించడం వరకే నా పని, డబ్బా మూత తీయడం అదే మొదటిసారి.

అమ్మో, అదేం కంపు! కుళ్లిన కోడిగుడ్లు వంద ఒక్కసారి పగిలినట్టు.

నా సంగతి నీకు తెలియదు. ఆ రోజుల్లో నా ముక్కు అంటే ముక్కు కాదు, న్యాయస్థానం. క్యాను మూత జరిపి ఒక్కసారి పీలిస్తే చాలు. ఈ పాలు ఏ పూటవి, బర్రె చిట్టు తిన్నదా తవుడు తిన్నదా, గంటలో విరుగుతాయా రెండు గంటల్లోనా, అన్నీ చెప్పేదాన్ని. మొగుడు పోయినా ముక్కు పోలేదు. ఆ ముక్కు తీర్పు చెప్పేసింది: నూనె చెడిపోయింది, ఎవడో ఖాదర్ భాయ్‌కి కుళ్లిన సరుకు అంటగట్టాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నేను చూసిన నూనెకు ఒకటే వాసన!

మళ్లీ లింగంపల్లి వెళ్లే టైం లేదు. ఆలోచించాను. ఇనుము ఇనుముతో రాసుకునేది ఇంకెక్కడ? ఎడ్లబండి ఇరుసు దగ్గర. దానికేం పెడతాం? కందెన. ఆముదంలో కాల్చిన వరిగడ్డి మసి కలిపి చేసిన కందెన మా మామ కాలం నుంచి మా ఇంటి ఇరుసులను మోసింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది. పెంటయ్య కొట్టంలోకి నడిచాను.

"పెంటయ్యా, నీ కందెన కుండ జర ఇయ్యి."

"నీ జీపుకు ఎడ్లను గట్టినవా ఏంది వదినె?"

"నవ్వకు. ఉత్తగ ఏం తీసుకోను. ఇగో, పట్నం నూనె డబ్బా. నీ ఇరుసుకు పోస్కో."

వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. "గిదేంది, ఏమన్న సచ్చిందా ఇండ్ల?"

"ఫుకట్‌ల వచ్చిన ఆవు పండ్లు లెక్కవెడ్తవా?"

ఊరికే వస్తుందనగానే వాడి ముక్కు తెరుచుకుంది. డబ్బా పుచ్చుకున్నాడు. కుళ్లిన సరుకు వాడికి అంటగట్టానని లోలోపల నేనెంత మురిశానో, దేవుడు పైన కూర్చుని అంతా రాసుకున్నట్టున్నాడు.

కందెన ముద్దగా ఉంది. పొయ్యి మీద పెట్టి కాచాను. నెయ్యిలా కరిగింది. గరాటు పెట్టి పోశాను. బొక్కలో నుంచి చుక్క కారింది. కానీ మాది పాలవాళ్ల చెయ్యి. కొసరు వెయ్యనిదే కొలత ముగియదు. జీపును ఒకపక్క రాయి ఎక్కించి ఇంకో లోటాడు కొసరు పోసి మరీ బిరడా బిగించాను.

సాయంత్రం వాడంతా ఒక చుట్టు తిప్పాను. గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడుతున్నాయి! ఒకటి, రెండు, మూడు. పెంటయ్య గుమ్మం ముందు నాలుగుసార్లు మార్చి చూపించాను. అవసరం లేకపోయినా హారన్ కూడా కొట్టాను.

తెల్లవారింది. ఎముకలు కొరికే చలి. పెంటయ్య బండి అప్పటికే కదిలిపోయింది. మల్లయ్య తాత గొంగడి కప్పుకుని నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. గేరు కర్ర పట్టుకున్నాను. కదలదు. రాత్రి తోడు పెట్టిన పాలు తెల్లారి గడ్డపెరుగైనట్టు లోపల కందెన గడ్డకట్టింది. అట్లాంటిట్లాంటి పెరుగు కాదు, కుండ బోర్లించినా పడని పెరుగు.

"ఏమైందే?" అన్నాడు తాత.

"సలికి జర బిగుసుకున్నది తాతా."

రెండు చేతులతో కర్ర పట్టి, కాలు డాష్‌బోర్డుకు తన్నిపెట్టి, మా అత్త మీద ఉన్న పాత కోపమంతా తలుచుకుని ఒక్క గుంజు గుంజాను. టక్ అని పడింది. జయం అనుకుని క్లచ్ వదిలాను. జీపు వెనక్కి లేచి గడ్డివాములో కూర్చుంది.

రివర్సు! పడింది పడినట్టే ఉంది. ఇక గుంజినా, తన్నినా, మొక్కినా రాదు.

దూరంగా కోళ్లు కూస్తున్నాయి. రైలు నా కోసం ఆగదు. వెనక్కి చూశాను. గడ్డివామును చీల్చుకుని పోతే వెనకే వాకిలి, వాకిలి దాటితే రోడ్డు.

"తాతా, గట్టిగ పట్టుకో."

"యాదమ్మా, స్టేషన్ ఎటు దిక్కు?"

"ఎనకకు."

"అయితే సక్కగనే పోతున్నం, పోనియ్."

మెడ తిప్పి, ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి స్టీరింగ్ మీద పెట్టి బొంబాయి రోడ్డెక్కాను. తాత లేచి క్యాన్ల వైపు తిరిగి నిలబడి దారి చెబుతున్నాడు. "ఎడమకు... ఇంకొంచెం... ఏయ్ బర్రె, జరుగు!... కుడికి!" ఎదురొచ్చిన సైకిలువాడు మా జీపు వెనక భాగాన్ని చూసి, పక్కకు తప్పుకుని, మా ముఖాలు చూసి, సైకిలుతో సహా కాలువలో దిగాడు.

చందానగర్ దగ్గర పెంటయ్య బండిని దాటాం. దాటాక చూడు నా భాగ్యం! జీపు ముఖం, ఎడ్ల ముఖం ఎదురెదురు. నేనూ మరిదీ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ స్టేషన్ వైపు వెళ్తున్నాం.

"వదినె! ఉల్టా పోతున్నవ్!"

"నీ ముఖం చూడబుద్ధయింది, అందుకే గిట్ల తిప్పుకున్న!"

"గేర్లు పడ్తలేవని చెప్పు!"

"పడ్డది, ఒక్కటి! నీ బండికి అది గూడ లేదు!"

వాడు ఎడ్లను అదిలించాడు. అప్పుడు గమనించాను. రోజూ ఊరంతా లేచేలా కీచుమనే ఆ బండి ఆ రోజు కిక్కురుమనడం లేదు. నీళ్ల మీద బాతులా జారుతోంది. ఎందుకో ఆలోచించే తీరిక లేదు. రైలు కూత వినిపించింది. జీపు రొప్పుతోంది, ఎడ్లు రొప్పుతున్నాయి, తాత అందరికన్నా ఎక్కువ రొప్పుతున్నాడు. చివరికి, ఎడ్ల మూతుల ముందు రెండు బారల ఎడంతో, నా జీపు తోకతో స్టేషన్ గోడను ముద్దుపెట్టుకుని ఆగింది.

క్యాన్లు దింపాం. రైలొచ్చింది. నా పాలూ, వాడి పాలూ ఎక్కాయి.

"ఇది చెల్లది తాతా" అన్నాడు పెంటయ్య. "బండన్నంక ముంగటికి నడవాలె."

మల్లయ్య తాత గొంగడి దులుపుకున్నాడు. "పెంటయ్యా, నా చేతుల మీద ఎన్నో దూడలు ఎదురుకాళ్లతోని పుట్టినయి. అవి దూడలు కావా? పాలియ్యలేదా? జీపు యాదమ్మదే."

నేను కొంగు నడుముకు చుట్టి, నూరేళ్లు చల్లగా ఉండమని తాతకు దండం పెట్టాను. షెడ్డు దగ్గరే కాబట్టి కబురు అందగానే ఖాదర్ భాయ్ వచ్చాడు. జీపు కింద దూరి బిరడా విప్పాడు. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత నల్లటి ముద్ద ఒకటి వేలాడింది. వేలితో తీసి వాసన చూశాడు.

"అక్కా... ఆముదమా?"

"కందెన. మంచిది, ఇంట్ల చేసింది. నువ్విచ్చింది కుళ్లింది భాయ్, నిన్నెవరో మోసం చేసిన్రు."

ఆయన తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "అక్కా, గేర్ల నూనెల గంధకం ఉంటది. గేరు చక్రాల పండ్లు అరగకుండ అదే కాపాడ్తది. ఆ కంపే దాని తాకత్! నీ మసి, నీ ఆముదం గడ్డకట్టినంక గుంజినవ్, లోపల గేర్లు జరిపే ఫోర్కు వంగిపోయింది. ఇంత ఆముదం తాగినంక ఏ బండి అయినా ఎనకకెళ్లే పనిచేస్తది గదా! అసలు నా నూనె ఏడ పారేసినవ్?"

అప్పుడే పెంటయ్య బండి మా ముందు నుంచి ఇంటికి మళ్లింది. చప్పుడు లేదు. కుళ్లిన కోడిగుడ్ల వాసన మాత్రం గుప్పుమంది. ఖాదర్ భాయ్ ఇరుసు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ ఇరుసు వైపు చూశాడు.

"మంచిగ చేసినవక్కా" అన్నాడు. "ఆ ఎడ్లకు ఇప్పుడు నాలుగు గేర్లు పెట్టినా మక్ఖన్ లెక్క పడ్తయి."

జీపు కడిగి బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నా పాలు, నేను, పెంటయ్య బండి మీదే స్టేషన్‌కు వెళ్లాం. గతుకుల్లో కూడా కీచు లేదు. వాడు ఈల వేస్తూ తోలాడు. తర్వాత ఏళ్లూ పూళ్లూ జీపు నేనే నడిపాను. గేర్ల నూనె మార్చే రోజు వస్తే చాలు, వాడు గోడ మీద నుంచి తొంగి చూసేవాడు. "వదినె, కుళ్లిందేమన్న ఉంటే నాకియ్యి, మొహమాటపడకు."

పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందో రాదో నాకు తెలియదు గానీ, పెరటి కందెన మాత్రం జీపుకు పనికిరాదు. అందుకే ఆ రోజు లింగంపల్లి నుంచి వచ్చి, స్నానం చేసి, మా పెద్ద బర్రె వీపు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: పొదుగు లేని దేన్నీ ఈ జన్మలో ముక్కుతో పరీక్షించను, కొసరు అడగని వాళ్లకు కొసరు వెయ్యను, ఇంకెప్పుడైనా మరిదిని మోసం చెయ్యాలనిపిస్తే ముందు డబ్బాలో ఏముందో ఖాదర్ భాయ్‌ని అడిగి మరీ చేస్తాను.