గ్రహణం పూట మోసుకెళ్ళిన యంత్రం

మొన్న మా తమ్ముడి కూతురు బరంపురం అంకులిలో మా ఇంటికి వచ్చి, నా మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతిసంచిలోంచి సబ్బుబిళ్ళంత పరికరం ఒకటి తీసి ఫోనుకు తగిలించి, తన మెడకు ఆనించుకుని లోపల రక్తనాళం కొట్టుకోవడం నాకు చూపించింది. అదీ నాలాగే డాక్టరు. వచ్చే నెల ఏదో దూరదేశంలో, కరెంటు ఉండీ లేనట్టుండే ఆసుపత్రులకు ఇలాంటివి పట్టుకెళ్ళి అక్కడి నర్సులకు స్కానింగు నేర్పుతుందట. నేను సంబరపడతాననుకుంది పాపం. ఆ తెర మీద నలుపూ తెలుపూ కదలడం చూడగానే, ముందు దాన్ని ఆపమ్మా అన్నాను. ఎందుకో దానికి చెప్పినా అర్థం కాదు. గ్రహణం పూట కిటికీలకు గోనెపట్టాలు కట్టిన ఇళ్ళలో పెరిగిన నా వయసువాళ్ళకైతే అవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

చదువు అయ్యాక నేను మొదట పనిచేసింది ఒడిశాలో అస్కా దగ్గర ఒక చిన్న ధర్మాసుపత్రిలో. బరంపురంలో మా నాన్నగారి బట్టల కొట్టు, మా మేనమామ గారిది అస్కాలో బెల్లం వ్యాపారం, కనుక నాకు ఊరు కొత్త కాదు. చెరకు ఆడే రోజుల్లో మిల్లు వైపునుంచి వచ్చే ఆ తీపి కమురు వాసన తలదిండులోకి కూడా ఎక్కేది. కడుపులో ఏముందో తెలుసుకోవాలంటే చేత్తో తడిమి చూడడం, అనుమానం వస్తే బరంపురం మెడికల్ కాలేజీ పెద్దాసుపత్రికి పంపడం, అంతే మాకు తెలిసిన వైద్యం. అలా పంపినవాళ్ళలో కొందరు దారిలోనే పోయేవారు. అటువంటి చోటికి ఒక విదేశీ డాక్టరమ్మ, పిడి ఉన్న సూట్‌కేసులాంటి స్కానింగు మిషనుతో వచ్చింది. మిషను మాకిచ్చి, వాడడం నేర్పి వెళ్ళిపోవాలని ఆవిడ ఉద్దేశం.

ఆవిడ పొడుగ్గా, ఎండకు కందిపోయిన ముఖంతో ఉండేది. వచ్చీరాని ఒడియాలో పేషెంట్లను ఊపిరి బిగపట్టమని చెప్పబోయి ఇంకేదో అనేది, వాళ్ళు పడీపడీ నవ్వేవారు, ఆ నవ్వుకి కడుపు ఎగిరెగిరిపడి తెర మీద అంతా అలుక్కుపోయేది. మా చేతి మీద తన చేయి వేసి నేర్పేది. తెర మీద నలుపంటే నీళ్ళో నెత్తురో, తెలుపంటే ఎముకో రాయో, ఈ రెండూ తెలిస్తే సగం వచ్చినట్టేననేది. మధ్యాహ్నం పూట కిటికీలు మూసి, ఆ బూడిదరంగు వెలుగులో ఒకరి లోపల ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. ఎంత నేర్చుకున్నా నాకా సంగతి కాస్త భయంగానే ఉండేది. మనిషి చర్మం మూసి పెట్టినది తెరిచి చూడడం మనకు తగునా అని లోపలెక్కడో పీకేది.

ఇంతలో సూర్యగ్రహణం వచ్చింది. సాయంత్రం పట్టి, విడవకుండానే సూర్యుడు అస్తమిస్తాడని పంచాంగాల్లో రాశారు. అలాంటప్పుడు మర్నాడు పొద్దున్న శుద్ధబింబాన్ని చూశాకే విడుపు స్నానం, ఆ తరవాతే ఎసరు పెట్టడం. ఆ వేళ ఆసుపత్రి వరండాలో కుక్క కూడా లేదు. ఎవరూ రారండీ అని డాక్టరమ్మకు నేను చెబుతూ ఉండగా, మా మేనమామ కొడుకు, అంటే మా బావ, చెప్పులు లేకుండా గబగబా వచ్చాడు. బావ భార్యకు రెండు నెలలు నిండుతున్నాయి. నాకు చెల్లెలు వరస, నన్ను అక్కా అనేది, నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకునే పిల్ల.

“కడుపులో నొప్పంటంది. మాత్తరేదైనా ఇయ్యి. రేపు సూరీడు కనబడ్డాక నేనే తీసుకొస్తాను,” అన్నాడు.

ఇప్పుడెలా ఉందని అడిగాను. పొద్దుట్నుంచి మెలికలు తిరిగిపోయిందనీ, ఒక్కసారి గట్టిగా కేక పెట్టి, ఆ తరవాత నిమ్మలంగా పడుకుందనీ, పక్క కూడా మార్చడం లేదనీ, వాళ్ళమ్మ, అంటే మా అత్త, సంతోషంగా ఉందనీ చెప్పాడు. గ్రహణం పూట గర్భిణి కదలకుండా పడుకోవాలి కదా. ఆ నిమ్మలం అనే మాటకు నేను లేచి నిలబడ్డాను. నొప్పి అంతగా ఉండి ఉన్నట్టుండి నిమ్మళించడం మంచి లక్షణం కాదని మాకు కాలేజీలోనే చెప్పారు. డాక్టరమ్మకు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ గ్రహణాన్ని గురించి నవ్వలేదు, వాదించలేదు, ఇంట్లో కరెంటు ఉందా అని మాత్రం అడిగింది. మనిషి మిషను దగ్గరకు రాలేకపోతే మిషనే వెళుతుంది, దీనికి పిడి ఎందుకు పెట్టారనుకున్నావు అంది. ఇప్పుడైతే కడుపుతో ఉన్నవాళ్ళ ఇంటికి అలా మిషను మోసుకెళ్ళడానికి చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం రావలసినదే లెండి, ఆడపిల్లలని తెలిసి కడుపులోనే చంపుకున్న జాతి మనది.

బెల్లం దిమ్మలు మోసిన భుజం మీద బావ మిషను పెట్టుకున్నాడు. మేం వెనక నడిచాం. అప్పటికే సగం పైగా పట్టింది. ఆ వెలుగు ఎటువంటిదో చెప్పడం నావల్ల కాదు. ఎండే, కానీ వేడి లేదు. నీడల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. వీధి వీధంతా తలుపులు బిగించి ఉంది. మునగచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే వెలుగుచుక్కలన్నీ నెలవంకలై నేలనిండా కదులుతున్నాయి. వాటిని తొక్కలేక నేను పక్కకు జరిగి నడిచాను. కాకులు అప్పుడే గూళ్ళకు చేరి, అరవకుండా కూర్చున్నాయి.

అత్త వెనక గదిలో కిటికీకి గోనెపట్టా కట్టి, సందుల్లో గుడ్డలు కుక్కింది. చెల్లెలు చాప మీద వెల్లకిలా, కాళ్ళు బారజాపుకుని, కళ్ళ మీద తడిగుడ్డతో పడుకుని ఉంది. మా అత్త ఇంట్లో ఒక పట్టింపు ఉంది, గ్రహణపు సూతకం మొదలయ్యాక విడుపు స్నానం దాకా కడుపుతో ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. గుమ్మంలోనే నిలబడి అత్త గుసగుసగా, మురిపెంగా నాకు చెప్పింది.

“సూడు, ఎంత బుద్ధిగా పడుకుందో! మనం సెప్పడమే గానీ ఇంత నిష్ఠగా మనమెప్పుడైనా ఉన్నామేటి?”

నేను వెళ్ళి నాడి పట్టుకున్నాను. దారప్పోగులా, అందీ అందకుండా పరుగెత్తుతోంది. డాక్టరమ్మ మిషను పెట్టింది. గది నిండా ఆ బూడిదరంగు వెలుగు పరుచుకుంది. గర్భసంచి ఖాళీగా ఉంది. దాని చుట్టూ, ఎటు చూసినా, నలుపు. ఆ నలుపులో ఒక పక్కగా, ఉండకూడని చోట, నువ్వుగింజంత మెరుపు ఒకటి గబగబా ఆరుతూ వెలుగుతూ ఉంది. పిండం గర్భసంచి పక్కనుండే గొట్టంలో పడి, ఆ గొట్టం చిట్లి, చెల్లెలు లోలోపల నెత్తుటి మడుగైపోతోంది, ఆ మడుగు మధ్య పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ చేయి నా చేతి మీద బిగుసుకుంది. ఆ తరవాత నేను వేల స్కానింగులు చేశాను, అటువంటిది మళ్ళీ చూడలేదు.

అత్త కూడా చూసింది. ఆ కొట్టుకునేదేటి అని అడిగింది. గుండె అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునేమో, కానీ నోరు రాలేదు. అత్త రెండు చేతులూ జోడించేసింది. బిడ్డ బతికుంటే ఇంక ఆపరేషనేటి, గ్రహణంలో బయటికి తీయడమేటి, తెల్లారేదాకా ఆగితే ఏటైపోద్ది అంది. ఆ బిడ్డ ఎలాగూ నిలవదు, తల్లి కూడా తెల్లారేదాకా ఉండదు అని నేను చెప్పాను. బావ వాళ్ళమ్మ ముఖం చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయి, పెద్దా చిన్నా చూడకుండా, ఇది నిష్ఠ కాదత్తా, ప్రాణం పోవడం, కావలిస్తే పట్టుకు చూడు అని అరిచాను. అత్త కదల్లేదు. చీకట్లో తెర మీద ఆ చుక్క ఒకటే మినుకుమినుకుమంటోంది. అప్పుడు అత్త ముందుకు వంగి, పట్టింపు వదిలి, కోడలి అరికాలు ముట్టుకుంది. వెంటనే చేయి వెనక్కి తీసుకుంది.

“ఓలమ్మో, మంచులా సల్లబడిపోనాదిరా! ఎత్తండ్రా, ఎల్లండి!” అంది.

చాపతో సహా ఎత్తి తీసుకుపోయాం. వీధి ఇంకా అదే వెలుగులో ఉంది. అత్త మా పక్కనే పరుగెడుతూ, తన పైటకొంగు రెండు చేతులా పట్టుకుని, గ్రహణపు నీడ తగలకుండా కోడలి కడుపు మీద పందిరిలా పట్టింది. అక్కడ కాపాడడానికి ఏమీ మిగలదని నేను చెప్పాను, ఆవిడ విన్నది కూడా. అయినా ఆసుపత్రి గుమ్మం దాకా కొంగు దించలేదు. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

మా ధర్మాసుపత్రి పెద్ద డాక్టరుగారే ఆపరేషను చేశారు. బావ రక్తం సరిపోయింది. చెల్లెలు బతికింది. తరవాత ఇద్దరు పిల్లల్ని కూడా కన్నది. కానీ ఆ నువ్వుగింజ గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పుట్టనిదానికి పేరుండదు, మైల ఉండదు, ఏడవడానికి ఒక రోజూ ఉండదు. డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోయింది, కొన్నాళ్ళు ఉత్తరాలు రాసి మానేసింది. అత్త కాలం చేసింది.

పోయిన ఏడాది చెల్లెలు నన్ను చూడడానికి వచ్చింది. తల నెరిసింది, మనవల్ని ఎత్తుకుంది, నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మాత్రం మానేసింది. ఏవో ఊసులు చెప్పుకుంటూ ఉండగా ఉన్నట్టుండి ఆ రోజు సంగతి ఎత్తింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. తనను అందరూ బుద్ధిమంతురాలనుకున్నారు గానీ, తను కదలనిది గ్రహణానికి కాదట.

“కదిల్తే అది ఆగిపోద్దని కదల్నేదక్కా,” అంది.

ఏది అన్నాను. నా చేయి లాక్కుని, అరచేతిలో చూపుడువేలితో గబగబా కొట్టి చూపించింది. సరిగ్గా ఆ మెరుపు వేగమే. ఆమె తెర చూడలేదు, కళ్ళ మీద గుడ్డ ఉంది. మా మిషనుకు చప్పుడు లేదు. అంత చిన్న గుండె చప్పుడు తల్లికి తెలియడం ఏ పుస్తకంలోనూ లేదు. నెత్తురు పోయి నీ గుండే అలా పరుగెత్తిందమ్మా, నువ్వు విన్నది అదే అని, డాక్టరు కంఠంతో నెమ్మదిగా చెప్పాను. శ్రద్ధగా వింది, తల ఊపింది.

“నా గుండె నాకు తెల్దేటక్కా? రెండూ ఇన్నాను. ముందు అదే ఆగింది,” అంది.

ఇప్పుడు గ్రహణం పూట కూడా ఆసుపత్రులు కిటకిటలాడుతున్నాయి. కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం ఫోనులో పెట్టుకుని చుట్టాలందరికీ పంపిస్తున్నారు, వాళ్ళు వేలితో తోసేసి ఇంకేదో చూసుకుంటున్నారు. ఆడవాళ్ళ ప్రాణాలు నిలుస్తున్నాయి, నాకంతే కావాలి, ఆ చీకటి గదులు మళ్ళీ రావాలని నేను చచ్చినా అనను. కానీ ఆ గదిలో తెర ముందు కూర్చుని నేను చూశానని గర్వపడ్డ ఆ చిన్న గుండెను, చూడకుండానే ఒకతె చివరిదాకా తోడుండి సాగనంపిందని నాకు ఇన్నేళ్ళూ తెలియలేదు. అలా ఊపిరి బిగపట్టి లోపలికి చెవి పెట్టడం ఇప్పుడెవరికైనా వచ్చో రాదో. చెల్లెలు వెళ్ళిపోయాక తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆమెలాగే వెల్లకిలా పడుకుని చూశాను. వీధిలో ఆటోల మోత తప్ప నాకేమీ వినబడలేదు.