కూర్చోనివ్వని కాళ్ళు

సహోదరులారా, కొవ్వూరులో విలేకరిగా ఊరి కబుర్లన్నీ రాసినవాణ్ణి, నా సొంత కబురు మీ ముందు పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. తొంభైల చివర్లో నా మనసు చెదిరింది, ఎవరూ లేనిచోట మాటలు వినబడేవి, పక్కింటివాళ్ళు నన్ను చంపడానికి కూడబలుక్కుంటున్నారని అన్నం ముట్టేవాణ్ణి కాదు. నా భార్య మేరీ రాజమండ్రిలో మానసిక వైద్యుడికి చూపించింది. ఆయన ఇచ్చిన మాత్రలతో ఆ మాటలు ఆగిపోయాయి, దేవునికి స్తోత్రం. కానీ కొద్ది రోజులకే కాళ్ళ బాధ మొదలైంది.

దాన్ని నొప్పి అనలేను, తిమ్మిరి అనలేను. లే, నడువు అని లోపలినుంచి ఎవరో తోస్తున్నట్టుండేది. కూర్చుంటే నిలబడాలనీ, నిలబడితే నడవాలనీ, నడిస్తే ఇంటికి పోయి పడుకోవాలనీ, పడుకుంటే మళ్ళీ లేవాలనీ. వార్తలు కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడి రాసేవాణ్ణి, నిడదవోలు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే కాళ్ళు మార్చి మార్చి వేస్తూ వెళ్ళేవాణ్ణి, గోదావరి గట్టు మీద ఎండలో తిరుగుతూ ఈ నీళ్ళలో దిగితేనైనా ఇది ఆగుతుందేమో అని కూడా అనుకున్నాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరూ చాపల మీద కూర్చుంటే నేను వెనక గోడవార తిరుగుతుండేవాణ్ణి.

"అన్నయ్యగారిని ఆత్మ కదిలిస్తోందండి," అంది ఒక సహోదరి.

"ఏ ఆత్మో చూడండి ముందు," అన్నారు సంఘపెద్ద. "ఆ మాత్రలు ప్రభువు పాదాల దగ్గర పెట్టేయమనండి, విడుదల దానంతటదే వస్తుంది."

మా సంఘంలో అది వాడుక. స్వస్థత కోరేవారు మందులు తెచ్చి ప్రసంగపీఠం దగ్గర వదిలేసేవారు. నేనూ తెచ్చాను. మాత్రలు మానితే ఆ మాటలు మళ్ళీ వస్తాయని మేరీకి వణుకు. పాస్టరు అయ్యగారు ప్రార్థించబోతూ నా కాళ్ళకేసి చూసి ఆగారు.

"ఈ తిరుగుడు జబ్బుతో వచ్చిందాండి, మందు మొదలెట్టాక వచ్చిందాండి?"

"మందు మొదలెట్టాకేనండి," అంది మేరీ.

"డాక్టరుగారికి చెప్పారా?"

"సైతాను పనని అందరూ అంటుంటే ఆయనకేం చెబుతామండి?"

"చేయని పనికి సైతానుకెందుకమ్మా పేరు," అని ఆయన మాత్రల పొట్లం తిరిగి నా జేబులో పెట్టి, నాతోపాటు గోడవార నడుస్తూనే ప్రార్థించారు: "ప్రభువా, ఈయన మనసును నిలబెట్టావు, ఈ కాళ్ళకూ నెమ్మది ఇవ్వు, ఆ వైద్యుడికి వివేకం ఇవ్వు."

మర్నాడు అయ్యగారితో కలిసి ముగ్గురం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారు అంతా విని, "ఇది మందు వల్లేనండి, కొందరికి వస్తుంది, వెంటనే చెప్పాల్సింది," అని మోతాదు తగ్గించి, దీనికని ఇంకో మాత్ర రాశారు. రోజులు గడిచేకొద్దీ ఆ తోపుడు సన్నగిల్లింది. ఒక మధ్యాహ్నం పీట మీద కూర్చుని, ఒక్కసారి కూడా లేవకుండా అన్నం ముగించాను. ఎదురుగా మేరీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

ఈ మహిమంతా దేవునిదే. మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను, అది అవిశ్వాసం కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరుగుతుంటే సిగ్గుపడి దాచకండి, మందు మీ అంతట మీరు మానేయకండి, ప్రభువును నమ్మి డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్కరే వెళ్ళడానికి భయమైతే నాకు కబురు చేయండి. తోడు వస్తాను, దారిలో ప్రార్థన చేసుకుందాం.