కప్తాన్ మన్నించమనని ఊరు

ఆ రోజుల్లో మా ఊరికి కరెంటు పెళ్లికొడుకు తరఫు చుట్టం లాంటిది. ఎప్పుడు వస్తుందో చెప్పదు, ఎప్పుడు పోతుందో మాత్రం ఊరందరికీ తెలుసు. సాయంత్రం ఆరు కాగానే ఎవరో పిలిచినట్టు లేచి పోయేది. మా ఊళ్లో గడియారాలు దాన్ని చూసే సరిచేసుకునేవాళ్లం. (మా చిన్నాయన చేతి గడియారం ఆగిపోయి చాలా కాలమైనా ఆయన ఎప్పుడూ ఆలస్యం కాలేదు.) ధరూరు దాటి కృష్ణ వైపు పోతుంటే వచ్చే ఊరు మాది. కనుచూపు మేరలో నది ఉన్నా చేలో వేరుశనగకు తడి లేక ఆకాశం వంక చూసేవాళ్లం. సముద్రాన్ని మాలో ఎవరూ చూడలేదు. అలాంటి ఊళ్లో ఒక సముద్రపు దొంగకు అంతమంది అభిమానులు ఎలా తయారయ్యారో అర్థం కావాలంటే ముందు ఆ ఆరు గంటల సంగతి తెలియాలి, అందుకే చెప్పాను.

అయిదున్నరకు టీవీలో పిల్లల బొమ్మల కథ వచ్చేది. ఒక చిన్న పిల్లవాడు, ఒక చెక్క కత్తి, ఒక దీవి, దాని చుట్టూ ఓడ వేసుకుని తిరిగే ఒక దొంగల నాయకుడు. కెప్టెన్ అని టీవీ అనేది, మేము కప్తాన్ అనేవాళ్లం. అదే కథను వేరువేరు వాళ్లు వేరువేరుగా గీసినవి ఒకటయ్యాక ఒకటి వేసేవారు. ఒకదాంట్లో కప్తాన్ జొన్నకంకిలా సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఇంకోదాంట్లో ఎర్రకోటు వేసుకున్న నక్క. మరోదాన్ని కంప్యూటర్ మీద చేశారట, అందులో బాగా బలిసి ఉండేవాడు, నడిస్తే ఓడ ఒకవైపుకు ఒరిగేది. ఎలా గీసినా తెలుగు గొంతు మాత్రం ఒక్కరిదే. అందుకే మాకు ముగ్గురూ ఒక్కడే, బట్టలు మార్చుకుని వస్తున్నాడంతే. దొంగే గానీ ఎంత పద్ధతి గల మనిషి! ఎవరినైనా బెదిరించే ముందు కత్తిని జేబురుమాలుతో తుడుచుకునేవాడు. పట్టుకొచ్చిన ఖైదీలను మొట్టమొదట "భోజనమైనదా?" అని అడిగేవాడు. అతనికి ఈత రాదు. సముద్రం మీద బతుకుతూ నీళ్లంటే భయపడేవాడు. నది పక్కన పుట్టి ఈత రాని నాకు ఆ ఒక్క సంగతి చాలు, ప్రాణం ఇచ్చేయడానికి.

ఇక ఆ మాటలు. "ఓరీ అల్పులారా, నా ఓడపై అడుగిడుటకు మీకెన్ని గుండెలు!" అని అతను అంటే మా పాలమూరు పిల్లలకు ఒళ్లు జలదరించేది. మర్నాడు పొద్దున మా బర్రె వాకిట్లోకి వస్తుంటే నేను అదే మాట దాంతో అన్నాను. అది ఆగి నన్ను చూసి, గోడకు వీపు రుద్దుకుని లోపలికి వచ్చింది. అభిమానిగా నా మొదటి ప్రదర్శన అది.

ప్రతి రోజూ కథ ఒకేలా ముగిసేది. కప్తాన్ ఆ పిల్లవాణ్ని ఓడ గుంజకు కట్టేసి, చేతులు నడుముకు పెట్టుకుని, తల వెనక్కి వంచి నవ్వేవాడు. ఏం నవ్వది! కడుపులో మొదలై మీసాల దాకా వచ్చేది. అది పూర్తయ్యేలోగా టప్పున కరెంటు పోయేది. మేము లేచి, చెడ్డీలు దులుపుకుని, గోలీలాటకు పోయేవాళ్లం. కథ అయిపోయింది, కప్తాన్ గెలిచాడు. ఊరంతా ఒకే తీగ మీద ఉంది కనుక ఊళ్లో ఎవరికీ ఇందులో అనుమానం లేదు. మర్నాడు ఆ పిల్లవాడు మళ్లీ విడిగా ఎలా తిరుగుతున్నాడని మా చెల్లె ఒక్కతే అడిగేది. "కప్తాన్‌కు దయ పుట్టి ఇడిసిపెట్టిండు," అని నేను జవాబు చెప్పేవాణ్ని. చెల్లె ఆ చెక్కకత్తి పిల్లవాడి పక్షం. ఇంట్లో ఒకే కంచంలో తిని పెరిగినా రాజకీయాలు వేరు.

నా పక్షాన మా తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి భాగవతాలాడినవాడు. హిరణ్యకశిపుడంటే ఆయనే, ప్రహ్లాదుళ్లు మారుతూ పోయారు గానీ ఆయన మారలేదు. ఒకరోజు తుండుగుడ్డ భుజాన వేసుకుని టీవీ ముందు నిలబడి కప్తాన్ మాట విన్నాడు. "వీనికి గొంతున్నది రా. ఎవలో మంచోని దగ్గర్నే నేర్చిండు," అని అక్కడే కూర్చుండిపోయాడు. చెల్లెకు కోపం వచ్చింది.

"దొంగోడు తాతా వాడు. దొంగోణ్ని మెచ్చుకుంటవేంది?"

"రాక్షసుడు గట్టిగుంటెనే బిడ్డా దేవునికి పని. వాడే బక్కగుంటె దేవుడు స్తంభం పగలగొట్టుకొని వచ్చుడెందుకు, తలుపు దీసుకొని వస్తె సాలదా?"

ఆ మాట విన్నాక నాకు కప్తాన్ అభిమానం అల్లరి కాదని, ఒక సంప్రదాయమని తెలిసింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి నాటకం వేయాలని తెలుగు సారుకు బుద్ధి పుట్టింది. పిల్లలకు నచ్చిన కథే వేద్దామని ఆ బొమ్మల కథనే ఎంచుకున్నాడు. తరగతిలో ఎవరినీ అడగకుండానే అందరూ కప్తాన్ వేషానికి నా వైపు చూశారు. (ఆ గౌరవం నా నటనకు కాదు. అప్పటికే నాకు మీసం నీడలా వచ్చింది, రంగు ఖర్చు మిగులుతుందని.) చెక్కకత్తి పిల్లవాడిగా ఆరో తరగతి నుంచి మా చెల్లెను తీసుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. సారు కథ చివర చదివేసరికి చిక్కొచ్చింది.

"ఆఖరికి కప్తాన్ మోకాళ్ల మీద కూసొని, తప్పయింది బాబూ, నన్ను మన్నించు అని కాళ్లు పట్టుకుంటడు. తెర పడుతది. నీతి కూడా వచ్చినట్లయితది."

నేను లేచాను. "సార్, కథల గట్ల లేదు."

"నువ్వు సూసినవా?"

"రోజు సూస్త సార్."

"మరి ఆఖరికి ఏమైతది?"

"కప్తాన్ నవ్వుతడు."

"నవ్వినంక?"

"నవ్వినంక కరెంటు పోతది సార్."

సారు పడీపడీ నవ్వాడు. తరగతిలో మాత్రం ఒక్కడూ నవ్వలేదు. కథ అదే కదా మరి, ఇందులో నవ్వేదేముందని అందరూ సారు వంక జాలిగా చూశారు. సారుండేది గద్వాలలో. అక్కడ కరెంటు వేరే వేళకు పోతుందట, ఆయన మొత్తం కథ చూశాడట. నేను నమ్మలేదు. అంత మర్యాదస్థుడు, అంత గొంతున్నవాడు, గోలీలాడే వయసున్న పిల్లవాడి కాళ్లు పట్టుకుంటాడా? గద్వాలలో టీవీలు చెడిపోయి ఉంటాయనుకున్నాను. సారు మాత్రం తేల్చేశాడు. మన్నించమంటేనే నాకు వేషం, లేదంటే క్లాసు లీడరుకు. లీడరు అప్పటికే ముందుకు జరిగి కూర్చున్నాడు. మన్నించమనడంలో వాడికి మంచి అనుభవముంది, రోజూ ఎవరో ఒక సారు దగ్గర అదే పని.

సరేనని ఇంటికొచ్చి తాత మంచం దగ్గర కూలబడ్డాను. రేపు ఊరి పిల్లలందరి ముందు కప్తాన్‌తో కాళ్లు పట్టిస్తే ఇన్నాళ్లు చెల్లెకు చెప్పిందంతా ఏమైపోవాలి? తాత చుట్ట వెలిగించుకుని అంతా విని, "కరెంటు ఎన్ని గంటలకు పోతది?" అన్నాడు.

"ఆరుకు."

"నాటకం?"

"ఆరు లోపల్నే అయిపోవాల్నన్నడు సారు."

"ఎట్లయితది? తెల్లారేదాంక ఆడినోణ్ని నేను. ఒక పది నిమిషాలు సాగదియ్యనా? మైకు పోయినంక నువ్వు మన్నించుమంటె ఎవలికి ఇనబడుతది? ఈ చలికాలం చీకట్ల కాళ్లు పట్టుకుంటె ఎవలికి కనబడుతది?"

అలా మా తాత హాస్యగాడి వేషానికి తనంతట తానే ఒప్పుకున్నాడు. సారు కూడా సంతోషపడ్డాడు, పెద్దాయన తెర కూడా తెచ్చుకుంటానన్నాడు కదా. ఓడ సంగతికొస్తే, నది మీద చేపలు పట్టే మామ ఒకాయన తన పుట్టిని ఇచ్చాడు. వెదురు బుట్టకు తారు పూసిన గుండ్రటి పడవ అది. ఓడకు ముందు భాగం ఉండాలి కదా అని సారు అడిగితే ఆ మామ, "ఎటు పోతె అదే ముందుకు సార్," అన్నాడు. దాన్ని రెండు ట్రాక్టర్ ట్రాలీలు కలిపిన వేదిక మీదికి ఎక్కించారు. మధ్యలో గుంజ నిలబెట్టారు. ఇక నాకు మిగిలింది నవ్వు ఒక్కటే. గొంతు విరిగే వయసు కావడంతో అది కప్తాన్‌లా మొదలై కోడిపెట్టలా ముగిసేది. చేలో, బాయికాడ, బర్రెల వెంట సాధన చేశాను. మా అమ్మ నాకు గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించింది.

ఆ సాయంత్రం మండలాఫీసు నుంచి పెద్దసారు ఒకాయన ముఖ్య అతిథిగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నాటకం మొదలైంది. తాత, ఇంకొకాయన చెరో కొస పట్టుకుని నా ముందు తెర ఎత్తిపట్టి మెల్లగా దించారు. భాగవతంలో హిరణ్యకశిపుడు వచ్చినట్టు ముందు నా టోపీ, తర్వాత మీసం, తర్వాత ఎర్రకోటు (మా పెద్దమ్మ స్వెట్టర్) ఒక్కొక్కటే కనిపించాయి. పిల్లలు ఈలలు వేశారు. తాత తెర వదిలేసి చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"అయ్యా, తమరెవరు?"

చెప్పాను.

"తమది ఏ ఊరు? ధరూరు మీదికెల్లి వచ్చినరా, జూరాల మీదికెల్లి వచ్చినరా?"

చెప్పాను.

"సముద్రం సముద్రం అంటున్నరు, దాంట్ల బర్రె ఈదుతదా?"

జనం విరగబడి నవ్వుతున్నారు. తెర వెనక నుంచి సారు, "తాతా, ముందుకు నడువు," అని పళ్లు కొరుకుతున్నాడు. తాత ఆయనకు వినబడనట్టు ఓడలో ఉప్పు నీళ్లతో పప్పు ఉడుకుతుందా అని నన్ను అడిగాడు. నేను ఉడకదన్నాను. ఎందుకుడకదన్నాడు. అలా నాటకాన్ని జొన్నరొట్టెలా తట్టి తట్టి పెద్దది చేశాం. ఆరు దగ్గరపడిందని తాత కన్నుగీటాడు. చెల్లెను గుంజకు కట్టే ఘట్టం వచ్చింది. కట్టింది తాతే, బర్రె పలుపుతో. ఆయనకు తెలిసింది కోడెను కట్టే ముడి ఒక్కటే.

నేను పుట్టి అంచు మీద కాలు పెట్టి, చేతులు నడుముకు ఆనించి నవ్వాను. కోడిపెట్ట రాలేదు, కప్తానే వచ్చాడు. కడుపులో మొదలై నా నీడ మీసం దాకా వచ్చిన ఆ నవ్వు నా బతుకులో మళ్లీ రాలేదు. నవ్వి, కరెంటు పోవడానికి ఆగాను.

పోలేదు.

బల్బు వెలుగుతూనే ఉంది. ఇంకోసారి నవ్వాను. బల్బు. తాత వంక చూస్తే తాత ముందు వరస వైపు చూపించాడు. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దసారు పక్కనే, మా లైన్‌మెన్ కూర్చుని ఉన్నాడు. పెద్దమనిషి వచ్చిన రోజు కరెంటు తీయవద్దని సర్పంచి చెప్పాడట. రోజూ చీకటి చేసే మనిషి ఆరోజు నన్ను చూస్తూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. మూడోసారి నవ్వాను, ఈసారి పూర్తిగా కోడిపెట్టే. తెర వెనక నుంచి సారు, "ఇగ మోకాళ్ల మీద కూసో," అన్నాడు. చెల్లె గుంజకు ఆనుకుని పెళ్లికూతురిలా ఎదురుచూస్తోంది. దారి లేదు. నా మోకాలు వంగడం మొదలైంది.

అప్పుడు జరిగింది చూడండి. ముందు కింద కూర్చున్న పిల్లలు లేచారు. చెడ్డీలు దులుపుకున్నారు. చప్పట్లు కొట్టారు. కప్తాన్ నవ్వాక కథ అయిపోతుందని వాళ్ల ఒంటికే తెలుసు, బల్బు వెలిగితే ఏంటి, ఆరితే ఏంటి? వాళ్ల వెనకే పొయ్యి ముట్టించాలని ఆడవాళ్లు లేచారు. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే ఒక్కడే కూర్చోవడం బాగుండదని పెద్దసారు కూడా లేచి చప్పట్లు కొట్టాడు. తెలుగు సారు మైకు అందుకుని, "కూసోండ్రి, ఇంకా ఉన్నది, ఇంకా ఉన్నది," అని మొత్తుకున్నాడు.

"ఇంకేమున్నది సార్? కప్తాన్ నవ్విండు కద," అని వెనక నుంచి ఒక ముసలమ్మ ఓపిగ్గా ఆయనకు చెప్పింది.

పెద్దసారు వేదిక ఎక్కి, అంతకుముందే తనకు కప్పిన శాలువా తీసి నా స్వెట్టర్ మీద కప్పాడు. చెడు నవ్వుతుండగానే ఆపి ఆలోచించమని వదిలేయడం ఎంతో కొత్తగా ఉందని, ఇలాంటి ముగింపు ఎక్కడా చూడలేదని మైకులో అన్నాడు. ఈ ఆలోచన ఎవరిదని అడిగితే తెలుగు సారు చొక్కా సర్దుకుని, "నాదే సార్," అన్నాడు. పిల్లలు నన్ను భుజాల మీద ఎత్తుకుని బడి చుట్టూ తిప్పారు. తాత చుట్ట వెలిగించుకున్నాడు. రాత్రి ఇంటికి పోతుండగా సారు నన్ను ఆపి, "నీ మోకాలు వంగింది, నేను సూసిన," అన్నాడు. "పుట్టి ఒరిగింది సార్," అన్నాను. అంత సంబరంలో ఒక్క పొరపాటు జరిగింది. చెల్లెను విప్పడం అందరం మరిచిపోయాం. ఆ కోడె ముడి ఎవరికీ రాక, చివరికి తాతను వెతికి తెచ్చేదాకా ఆమె చెక్కకత్తి పట్టుకుని గుంజ దగ్గరే నిలబడి మమ్మల్నందరినీ తిడుతూనే ఉంది.

తర్వాత వనపర్తిలో చదువుకునేటప్పుడు హాస్టల్ టీవీలో అదే కథ వచ్చింది. అక్కడ ఆరుకు కరెంటు పోలేదు. కప్తాన్ నవ్వాక నేను లేచి టీవీ ఆపేశాను. చూసేవాళ్లు తిట్టారు, పడ్డాను.

ఇప్పుడు అదే వనపర్తిలో బైకుల షోరూంలో సర్వీసు కౌంటర్ దగ్గర ఉంటాను. "సాయంత్రానికి ఇస్తమన్నం, కాలేదు సార్, జర మన్నించాలె," అనడమే నా ఉద్యోగం. క్లాసు లీడరు ఉంటే ఇంకా బాగా చేసేవాడు. మొన్న చెల్లె ఇంటికి పోతే మేనల్లుడు ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. కప్తానే. ఈసారి ఇంకెవరో గీశారు, నీలం కోటు, ముక్కుకు పోగు. గొంతు మారింది గానీ నవ్వు అదే. అది వినగానే నా చెయ్యి దానంతటదే పోయి ఫోన్ ఆపింది.

"మామా, ఇంకా ఉన్నది."

"లేదు రా, అయిపోయింది."

లోపల నుంచి చెల్లె గొంతు వచ్చింది. "ఇయ్యి అన్నా వానికి. ఇన్నేండ్లు నన్ను గుంజకు కట్టేసే ఉంచినవు, ఇగనన్న ఇడువు."

ఇచ్చేశాను. ఇచ్చి, చూడలేక వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. కొంతసేపటికి వాడు బయటికి వచ్చాడు. "మామా, కప్తాన్ కాళ్లు వట్టుకొని ఏడ్సిండు. పాపం."

"నువ్వెవరి దిక్కు రా?"

"కప్తాన్ దిక్కే."

సాయంత్రం ఆరు దాటింది. గుమ్మం మీది బల్బు వంక చూశాను, పాత అలవాటు. ఇప్పుడు కరెంటు పోవడం లేదు. అందరూ అది మంచిదే అంటారు.